ముప్ఫైకి పందొమ్మిది

పాదొవా,
4 అక్టోబరు 2023

నివెస్ అత్తకు,

నాన్నమ్మను సాగనంపిన రోజు శ్మశానం గేటు దగ్గర విడిపోయాక మనం మళ్ళీ మాట్లాడుకోలేదు, ఆరేళ్ళయింది. ఈ ఉత్తరం చూసి కంగారుపడకు, ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. ముందు ఈమెయిల్ పంపాను. "డాక్టర్ బొస్కోలో గారు సొంత విషయాలు కాగితం మీదే చదువుతారు" అని నీ కార్యదర్శి జవాబిచ్చింది. స్టాంపులు కూడా అమ్మే పొగాకు దుకాణాలు మూడు తిరగాల్సొచ్చింది. ఈ కాలంలో స్టాంపు అడిగేవాళ్ళను అక్కడ వింతగా చూస్తున్నారు.

విషయానికొస్తాను. వచ్చే జూలైకి నా డిగ్రీ అయిపోతుంది, అప్పుడు నన్నూ నీలాగే డాక్టర్ అంటారు. కంపెనీలు అమ్మేవాళ్ళకీ కొనేవాళ్ళకీ సలహా ఇచ్చే సంస్థల్లో, అంటే నువ్వు చేసే పనిలోనే, చేరాలని ఉంది. మొదటి ఏడాది నా సగటు ముప్ఫైకి ఇరవై తొమ్మిది. రెండో ఏడాది పడిపోయింది. ఫైనాన్స్ గణితంలో పందొమ్మిది, స్టాటిస్టిక్స్‌లో ఇరవై, కంపెనీ చట్టంలో ఇరవై ఒకటి. అన్నీ కలిపితే ఇప్పుడు ఇరవై అయిదు. మిలానోలో ఏ సంస్థ ప్రకటన చూసినా ఇరవై ఎనిమిది లేనివాళ్ళు దరఖాస్తు పెట్టక్కర్లేదని రాసుంటోంది.

నాకోసం ఎవరికీ ఒక్క మాట చెప్పమని అడగడం లేదు. అది ముందే రాస్తున్నాను. నా వివరాల కాగితం జతచేశాను. చదివి, దారి ఉందో లేదో చెప్పు చాలు.

నీ మేనకోడలు,
లవీనియా


మిలానో,
15 అక్టోబరు

లవీనియా,

నీ ఉత్తరం అందింది. చేతిరాత బాగుంది, మార్కులు బాగులేవు.

దారి లేదు. ఇంత చిన్న జవాబు కోసం స్టాంపు ఖర్చు దండగనిపించి ఇంకొంచెం రాస్తున్నాను. మన యూనివర్సిటీల్లో మార్కు నచ్చకపోతే వద్దని చెప్పి లేచి వచ్చేయొచ్చు. చదువుకుని మళ్ళీ వెళ్ళొచ్చు. ఆ సంగతి మీ కాలేజీ కాఫీ మెషినుకి కూడా తెలుసు. పందొమ్మిది ఇస్తానన్న ప్రొఫెసరుకి నువ్వు "సరే" అని తలూపి వచ్చావు. ఒకసారి కాదు, మూడుసార్లు. తన మార్కు కోసమే బేరమాడలేని పిల్లకి రేపు ఒక కంపెనీ ధర బేరమాడే పని ఎవడిస్తాడు? నేనైతే ఇవ్వను.

నీ వయసులో మార్కులు పడిపోవడానికి నేను చూసిన కారణాలు రెండే: కుర్రాడో, కునుకో. నీది ఏదో నాకు చెప్పక్కర్లేదు. కుర్రాడే అయితే వాడికి ఇరవై తొమ్మిది వచ్చే ఉంటుంది.

నేను 1989లో ఒక్క పెట్టెతో ఈ ఊరొచ్చాను. నన్ను ఎవరూ చేయి పట్టుకుని నడిపించలేదు. మీ నాన్నకు మాత్రం మోటార్ల కొట్టు తాళం పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. మన కియొజ్జాలో పడవ మోటార్లు అమ్మడం గౌరవమైన పనే. దాని గురించి ఆలోచించు.

నివెస్


పాదొవా,
20 అక్టోబరు

అత్తా,

కుర్రాడు లేడు. కునుకూ లేదు. కారణం నీకు చెప్పాల్సిన అవసరం నాకు లేదు, చెప్పను కూడా.

దారి అడిగితే దుమ్మెత్తి పోశావు. సరే. కానీ ఒక్క పెట్టెతో వచ్చాను, నన్నెవరూ చేయి పట్టుకోలేదు అని రాశావు చూడు, అది చదివి గట్టిగా నవ్వాను. హాస్టల్ గదిలో పక్క మంచం పిల్ల "ఏమైందే?" అని లేచి కూర్చుంది. మన చర్చి ఫాదర్ ఒలిందో నీకోసం మిలానోలో బ్యాంకు డైరెక్టరుకి ఉత్తరం రాసిచ్చాడట కదా? ఆ కవరు నాన్నమ్మ నీ కోటు లోపలి అస్తరులో పెట్టి కుట్టిందట కదా? నాన్న చెప్పాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలియందేం కాదు.

అందరి దగ్గరా ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్న కథ నా దగ్గర కూడా చెప్పాలనుకున్నావు. నేను సిఫారసు అడగలేదు. నువ్వు తెచ్చుకున్నావు. మనిద్దరిలో ఎవరు పాఠం చెప్పాలో నువ్వే తేల్చుకో.

లవీనియా


మిలానో,
2 నవంబరు

లవీనియా,

నిజమే. ఫాదర్ ఒలిందో ఉత్తరం రాశాడు. అమ్మ అస్తరులో కుట్టింది.

ఆ ఉత్తరం ఏం చేసిందో మీ నాన్నకు తెలీదు కాబట్టి నేను చెబుతాను. పదకొండేళ్ళపాటు ఆ బ్యాంకులో నా పేరు నివెస్ కాదు, "పాదిరిగారి పిల్ల". నేను తప్పు చేస్తే "పాదిరిగారి పిల్ల కదా" అనేవాళ్ళు. బాగా చేసినా అదే మాట అనేవాళ్ళు. పక్క బల్ల వాడు నా లెక్కలన్నీ రెండోసారి సరిచూసేవాడు, నా ముందే, పెన్సిల్ నాలుకతో తడుపుకుంటూ. ఆ పేరు వదిలించుకోవడానికే ఉద్యోగం మారాను. ఇప్పుడు తృప్తిగా ఉందా? పుండు చూపించమన్నావు, చూపించాను.

కాబట్టి నేను ఎవరికీ మాట చెప్పను. నీమీద కోపంతో కాదు. ఉన్న కోపం వేరు, ఇది వేరు.

అయినా దారి లేదని రాశాక రెండు రోజులు నాకు కుదురు లేదు, కాబట్టి విను. పెద్ద సంస్థల జోలికి పోకు. అక్కడ కాగితాలు వడపోసేది యంత్రం, దానికి అంకె తప్ప ఏమీ కనబడదు. పది పదిహేను మంది ఉండే చోటికి పంపు. అక్కడ యజమానే చదువుతాడు. ప్రతి పరీక్షా తేదీతో సహా వరసగా రాయి. ఎందుకు పడిపోయాయో ఒక్క ముక్క కూడా వివరించకు. ఏడుపు వినే తీరిక ఎవరికీ ఉండదు. ఒక కంపెనీ తీసుకో. పుస్తకాల్లోది కాదు, నీకు వాసనతో సహా తెలిసినది. దాని లోగుట్టంతా విప్పి ఇరవై పేజీలు రాయి. దాన్ని కాగితాలకు జతచెయ్యి.

చేస్తావని నాకు నమ్మకం లేదు.

నివెస్


పాదొవా,
18 జనవరి 2024

అత్తా,

నమ్మకం లేదన్నావు కాబట్టి చేశాను. ఇరవై కాదు, ఇరవై మూడు పేజీలు. ఒక ప్రతి జతచేస్తున్నాను. మెచ్చుకోమని కాదు, తప్పులు పట్టడం నీకు సరదా కదా.

మన ఊరి గవ్వల కంపెనీ గురించి రాశాను. ఉప్పునీటి మడుగులో పట్టిన తినే గవ్వలు కొని, కడిగి, సంచుల్లో కట్టి సూపర్‌మార్కెట్లకు పంపే కంపెనీ. నీలి పీతలు వచ్చి పడి గవ్వల్ని గుల్ల కూడా మిగల్చకుండా తినేస్తున్నాయని నువ్వు టీవీలో చూసే ఉంటావు. కంపెనీ వాళ్ళు మాత్రం వచ్చే ఏడాది ఎప్పటిలాగే గవ్వలు దొరుకుతాయన్న లెక్కతోనే ఉన్నారు. దొరకవు. ఏడాది తిరక్కుండా దాన్ని అమ్ముకోక తప్పదు. ఎవరు కొనాలి, ఎంతకు కొనాలి, పీతలనే సరుకుగా ఎలా మార్చాలి, అదంతా రాశాను. పీతల్ని టమాటాలు వేసి వండితే అద్భుతంగా ఉంటాయి, అది మాత్రం రాయలేదు.

ఈ ఏడాది మూడు పరీక్షల్లోనూ ముప్ఫై వచ్చింది. ఒకదానికి ప్రశంస కూడా ఇచ్చారు. ఆరు చిన్న సంస్థలకు పంపుతున్నాను. ఏవేవో నీకు చెప్పను.

లవీనియా


మిలానో,
30 జనవరి

లవీనియా,

నీ ఇరవై మూడు పేజీలు చదివాను. ఎనిమిదో పేజీలో అప్పు వడ్డీ తప్పు లెక్క కట్టావు. పదిహేడో పేజీ మొత్తం తీసెయ్, వాగుడు. మిగతాది పనికొస్తుంది.

నేను అడగాల్సింది వేరే ఉంది. మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో "ధరలు: టోకు చేపల మార్కెట్, రోజూ తెల్లవారుజామున, సేకరణ అ. బొస్కోలో" అని ఉంది. అ. అంటే అల్వీసె, మీ నాన్న. మా తమ్ముడు. వాడు కొట్టు తెరిచేది ఎనిమిదింటికి. పుట్టి బుద్ధెరిగాక వాడు ఏడు లోపల మంచం దిగింది లేదు. రోజూ తెల్లారకుండా వాడికి చేపల మార్కెట్లో ఏం పని?

కొట్టులో నా వాటా కూడా వాడి పేరున రాసిచ్చి వచ్చాను. నాన్న కష్టపడి పెట్టిన కొట్టు అది. దాన్ని ఏం చేశాడు? దాచకుండా రాయి.

నివెస్


పాదొవా,
6 ఫిబ్రవరి

అత్తా,

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. పడనీ.

కొట్టు లేదు. ముందటేడు వేసవిలో మూసేశారు. చేపలు పట్టేవాళ్ళే పడవలు అమ్ముకుంటుంటే మోటార్లు ఎవరు కొంటారు? నాన్న ఇప్పుడు టోకు మార్కెట్లో వేరేవాళ్ళ దగ్గర చేపల పెట్టెలు మోస్తాడు. నీకు మాత్రం చెప్పొద్దని నాచేత నాన్నమ్మ ఫొటో మీద ఒట్టు వేయించుకున్నాడు. "మా అక్క వినిందంటే 'నే చెప్పలా' అంటదే. ఆ ఒక్క మాట నేను తట్టుకోలేనే" అన్నాడు. ఇప్పుడు ఒట్టు తప్పాను, నీవల్లే.

రెండో ఏడాదికి నేను స్కాలర్‌షిప్ తెచ్చుకున్నాను. హాస్టల్ గది, భోజనం అన్నీ దానిమీదే. ఆగస్టు పదో తేదీలోపు ఇన్ని పరీక్షలు పాసై ఉండాలన్నది దాని షరతు. ఎన్ని మార్కులొచ్చాయని వాళ్ళు అడగరు, పద్దెనిమిదొచ్చి పాసయ్యావా లేదా అంతే. వారంలో నాలుగు రోజులు బార్లో గ్లాసులు కడిగి, మిగతా మూడు రోజులు చదివి పరీక్షకు వెళ్ళాను. ప్రొఫెసర్ నా ముఖం చూసి, "నువ్వు దీనికంటే మెరుగని నాకు తెలుసమ్మా. ఈ మార్కు వద్దని చెప్పు, సెప్టెంబర్లో మళ్ళీ రా" అన్నాడు. సెప్టెంబరుకి నా మంచం ఇంకొకరిది అయిపోతుంది. "వద్దు సార్, పందొమ్మిదే రాసేయండి" అన్నాను. బయటికొచ్చి మెట్లమీద కూర్చుని ఏడ్చాను. నువ్వు కునుకు అన్నావు చూడు, అది జన్మలో మర్చిపోను.

ఇప్పుడు జాలిపడి ఏమీ పంపకు. తిప్పి పంపేస్తాను. ఇంకో మాట. ఈ సంగతి నీకు తెలిసినట్టు నాన్నకు తెలియకూడదు. ఆయనకు ఒక్క అక్షరం రాసినా, ఫోన్ చేసినా, నువ్వు నాకు అత్తవే కావు. ఇది బెదిరింపే అనుకో.

లవీనియా


మిలానో,
14 ఫిబ్రవరి

లవీనియా,

నీ షరతు ఒప్పుకుంటున్నాను. అల్వీసెకి రాయను, ఫోన్ చేయను. వాడు రాసినా జవాబివ్వను.

కునుకు అన్నందుకు తప్పు నాదే. రెండోసారి ఈ మాట రాయించకు, నాకు అలవాటు లేదు.

ఎనిమిదో పేజీ సరిదిద్దావా?

నివెస్


కియొజ్జా,
10 జూన్

గౌరవనీయులైన డాక్టర్ నివెస్ బొస్కోలో గారికి,

మీకు అభినందనలు. మీ పని సాఫీగా అయిపోయింది.

మే నెలాఖరున జనొల్లా సంస్థ నుంచి నాకు ఉద్యోగం ఇస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. పధ్నాలుగు మంది పనిచేసే చోటు. మూడొందల దరఖాస్తుల్లో ఒక్కరినే తీసుకుంటున్నారని రాశారు. నా జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ పడలేదు. స్టేషన్ నుంచి ఇంటిదాకా పరుగెత్తాను. అది ఎన్ని రోజులుందో తెలుసా మీకు? నాలుగు.

ఆ ఆదివారం కాలువ పక్క బార్లో నాన్న ఊరందరికీ మందు పోయించాడు. నేను వెళ్ళేసరికి గ్లాసు ఎత్తి అరుస్తున్నాడు: "మా అక్క మాట చెప్పిందిరా! ఎంతైనా తోడబుట్టింది కదరా!" వడ్రంగి బేపి నా భుజం తట్టి, "అదీ! మిలానోలో మనిషుండాలమ్మాయ్, లేకపోతే మార్కులేం చేస్తాయ్?" అన్నాడు. అందరూ తలలూపారు. అంతమందిలో ఒక్కడంటే ఒక్కడు "పిల్ల కష్టపడింది" అనలేదు.

ఇంటికొచ్చాక నాన్నను నిలదీశాను. మార్చిలో నాకు ఇంటర్వ్యూ పిలుపు రాగానే మీకు రహస్యంగా ఉత్తరం రాశాడట, జనొల్లాకు ఒక మాట చెప్పమని. "జవాబు రాలా. అక్క ఒప్పుకోకపోతే నాలుగు తిట్లు రాసి పంపేదే! తిట్టలేదంటే చేసినట్టేనే పిచ్చిదానా!" అన్నాడు. నాకు మొత్తం అర్థమైంది. ఇంటర్వ్యూలో యజమాని జనొల్లా మొదట అడిగిన ప్రశ్న, "బొస్కోలోనా? నివెస్ బొస్కోలోకి ఏమవుతావు?" అని. "ఏమీ కానండీ, మా ఊళ్ళో సగం మంది బొస్కోలోలే" అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఎందుకో అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది.

పాదిరిగారి పిల్ల అన్నందుకు పదకొండేళ్ళు కుళ్ళిపోయానన్నారు. అదే పేరు నాకు అంటించారు. ఎవరికీ మాట చెప్పనని కాగితం మీద రాసిన చేత్తోనే వెనకాల ఫోన్ తిప్పారు. ఆ ఉద్యోగం నాకు వద్దని మొన్న వాళ్ళకు రాసి పంపాను. కారణం రాయలేదు. కారణాలు రాయొద్దని నేర్పింది మీరే.

ఇక ఉత్తరాలు రాయకండి.

లవీనియా బొస్కోలో


మిలానో,
13 జూన్

లవీనియా,

రాయొద్దన్నావు. ఇది ఒక్కటి చదువు, తర్వాత చింపెయ్.

నేను ఎవరికీ ఏ మాటా చెప్పలేదు.

అల్వీసె ఉత్తరం మార్చిలో వచ్చింది. జవాబివ్వలేదు, ఎందుకంటే నువ్వు ఇవ్వొద్దన్నావు. లేకపోతే వాడన్నట్టు నాలుగు తిట్లు రాసి పంపేదాన్నే. వాడికి నా సంగతి బాగా తెలుసు. మన ముగ్గురిలో తప్పు ఎవరిదో ఎంత ఆలోచించినా నాకు తేలడం లేదు.

మే మొదటివారంలో ఒక విందులో జనొల్లా నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆయనంతట ఆయనే మొదలుపెట్టాడు. "పాదొవా నుంచి ఒక పిల్ల వచ్చింది నివెస్. మార్కులు ఘోరం. గవ్వల కంపెనీ మీద రాసిన కాగితాలు మాత్రం మావాళ్ళందరి చేతా చదివించాను. ఎనిమిదో పేజీలో వడ్డీ లెక్క చూడాలి, అంత శుభ్రంగా మా పాతవాళ్ళు కూడా కట్టరు. మీ ఊరిదే, బొస్కోలో. నీకేమన్నా అవుతుందా?" అని అడిగాడు. నేను పళ్ళెంలో చేప ముల్లు తీసుకుంటూ, "ఏమీ కాదు. మా ఊళ్ళో సగం మంది బొస్కోలోలే" అన్నాను. ఆయన విరగబడి నవ్వాడు. "ఆ పిల్ల కూడా అచ్చం ఇదే మాట అందే!" అన్నాడు. ఆ రాత్రి ఇంటికి నడిచే వచ్చాను, అంత సంతోషంగా ఉంది. నీకు రాయాలనిపించింది. ఆ కబురు వాళ్ళ నోట నీకు చేరాలని ఆగాను. ఆగకుండా ఉండాల్సింది.

మూడొందల మందిలో నీ అంతట నువ్వు గెలుచుకున్నావే! పూచికపుల్లంత సాయం ఎవరూ చేయలేదు. దాన్ని నీ చేత్తో తీసి కాలువలో పారేశావు. అడగడానికి ఒక స్టాంపు ఖర్చు పెట్టలేకపోయావా? నామీద అంత నమ్మకం లేదా? లేదనుకో. నీమీద నీకైనా ఉండొద్దా? బార్లో తాగి కూర్చున్న నలుగురు నీ ఇరవై మూడు పేజీలు చదివారా?

ఇప్పుడు విను. వాళ్ళు జాబితాలో రెండో పేరున్నవాళ్ళకు వచ్చే వారం శుక్రవారం ఉత్తరం పంపుతారు, వాళ్ళ పద్ధతి నాకు తెలుసు. అంతవరకూ చోటు ఖాళీయే. నేను ఒక్క ఫోన్ చేస్తే జనొల్లా నిన్ను వెనక్కి తీసుకుంటాడు. నేనడిగితే కాదనడు. కానీ అప్పుడు అది సిఫారసే అవుతుంది. నువ్వు నాకేమవుతావో చెప్పాల్సి వస్తుంది. ఆ పధ్నాలుగు మందికీ మర్నాడే తెలిసిపోతుంది, అక్కడున్నంత కాలం తెలిసే ఉంటుంది.

నువ్వు నోరు తెరిచి అడిగితేనే చేస్తాను. అడక్కుండా చేసే తప్పు మాత్రం నాకు అంటగట్టకు.

నివెస్


కియొజ్జా,
17 జూన్, త్వరిత పోస్టు

అత్తా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నిలబడే రెండుసార్లు చదివాను.

వెంటనే జనొల్లా ఆఫీసుకి నేనే ఫోన్ చేశాను. నీ సాయం లేకుండా సరిచేసుకోవాలని చూశాను. "పొరపాటు పడ్డానండీ, నాకు ఆ ఉద్యోగం కావాలి" అన్నాను. అటువైపు అమ్మాయి చాలా మర్యాదగా, "వద్దని మీ సంతకంతో ఉత్తరం వచ్చిందండీ. ఇక మేమేం చేయలేం" అంది. డాక్టర్ జనొల్లాతో మాట్లాడతానన్నాను. "ఎవరి తరఫున?" అని అడిగింది. నా తరఫునే అన్నాను. ఆయన ఖాళీగా లేరంది. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే జవాబు. మూడోసారి ఎత్తలేదు.

నాన్నకు అంతా చెప్పేశాను. కొట్టు సంగతి నీకు తెలుసని కూడా చెప్పాను. వంటింట్లో కుర్చీలో కూర్చుని, "అయితే నీకు నీకే వచ్చిందా తల్లీ?" అని మూడు నాలుగుసార్లు అడిగాడు. ఆ సంగతి ఊరందరికీ చెబుతానని బయల్దేరాడు. వద్దని చేయి పట్టుకుని ఆపాను. ఎవరు నమ్ముతారు? నేనే నమ్మలేదు కదా.

నీ మీద కోపం పోలేదు. కబురు ముందే తెలిసి పెట్టెలో పెట్టుకుని కూర్చున్నావు. నా మీద కోపం అంతకంటే ఎక్కువ ఉంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అయినా ఆ ఉద్యోగం నాకు కావాలి. దానికోసం రెండేళ్ళు బతికాను, ఇంకో పని మీద నాకు మనసు లేదు.

ఫోన్ చెయ్యి అత్తా. ఇది అందగానే చెయ్యి. నీకేమవుతానని ఆయన అడుగుతాడు. చెప్పు, మేనకోడల్నని.

లవీనియా